గిడ్డంగి జరిగిన ఏడాది

ఉసాకక్ కొలకర్రను గుడ్డతో తుడిచి, చివరనున్న ఇత్తడి కొక్కేన్ని వేలితో నొక్కి చూశాడు. కొక్కెం కదలలేదు. కర్రను తలుపు పక్కన ఆనించి, పొయ్యి మీది తీగ నుంచి సీలు జంతువు తోలు చేతితొడుగులు తీశాడు.

"ఏమయ్యా ముసలాయనా, కాఫీ చల్లారిపోతోంది," అంది అతని భార్య అర్నారాక్. అతనికి ముప్పై దాటినప్పటి నుంచీ ఆమె అతన్ని పిలిచే పిలుపు అదే. ఇప్పుడు అతనికి అరవై ఎనిమిది.

అతను నిలబడే తాగాడు.

"నిన్ననేగా కొలిచావు?"

"ఇవాళ ఇంకోసారి."

ఆమె ఎండుచేప ముక్కలు కాగితంలో చుట్టి అతని జేబులో పెట్టింది. "ఆ పిల్లకి చెప్పేస్తావా?" అని అడిగింది. ముందు కొలవాలి, అన్నాడతను.

గురువారం కొలత రోజు. అది మే నెలలో ఒక శుక్రవారం.

గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలోని ఆ ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళుగా అతని ఉద్యోగం ఒకటే. ఊరి ముందున్న సముద్రపాయ చలికాలంలో గడ్డకట్టింది మొదలు వేసవిలో విడిపోయేదాకా, వారానికోసారి ఒకేచోట మంచుకు కన్నం వేయాలి. కొలకర్ర దించి, కొక్కేన్ని మంచు అడుగుకు తగిలించి, మందం చదివి, రాజధానిలోని ఆఫీసుకు చెప్పాలి. మిగతా రోజుల్లో అందరిలాగే హాలిబట్ చేపలకు గాలాలు వేసేవాడు. ఉద్యోగంతోపాటు అతనికి అప్పగించిన కర్ర పొడవు నూటనలభై సెంటీమీటర్లు. రెండో చలికాలంలో ఆ కర్ర చాల్లేదు. మంచు అంతకన్నా మందంగా కట్టింది. పాత కయాక్ పడవ తెడ్డు ముక్కను పైన అతికి రాగి మేకులు కొట్టుకున్నాడు.

కొలిచే చోటుకు జెండా లేదు. రెండు గుర్తులు ఉన్నాయి. ఊరివైపు తిరిగితే చేపల గిడ్డంగి పైకప్పు కొస సరిగ్గా వెనకున్న కొండ నొక్కు కిందికి రావాలి. పడమటికి తిరిగితే దీవి కొస కొండచరియ అంచును తాకాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట కుక్కల బండి ఆపాలి. ఆ తీరంలో వేటగాళ్ళందరూ మంచు మీద చోట్లను అలాగే పట్టుకుంటారు. తండ్రి అతనికి గాలాలు వేసే చోట్లు నేర్పిందీ అలాగే.

తొమ్మిదేళ్ళ కిందట వేసవిలో అతని గుండెకు ఆపరేషన్ జరిగింది. అతను ఆసుపత్రిలో ఉన్న రెండు నెలల్లో గిడ్డంగి కింద, అంతకుముందు ఎన్నడూ కరగని నేల మెత్తబడింది. గిడ్డంగి ఒకవైపు కుంగింది. దాన్ని విప్పి, పన్నెండు అడుగుల అవతల రాతినేల మీద అవే చెక్కలతో మళ్ళీ నిలబెట్టి, అదే ఎర్రరంగు వేశారు. అతను తిరిగొచ్చాక గిడ్డంగి బాగుచేశామని మాత్రం చెప్పారు. అప్పటికే మంచు కురిసి పునాది రాళ్ళు కప్పేసింది. ఆ చలికాలమంతా అతను జరిగిన గిడ్డంగినే కొండ నొక్కు కిందికి తెచ్చుకుని కన్నాలు వేశాడు. గిడ్డంగి పన్నెండు అడుగులు జరిగితే, కొండ నుంచి దాని మీదుగా వచ్చే చూపు గీత అంత దూరం సాగేసరికి, మంచు మీది చోటు మూడు వందల అడుగులు ఒడ్డువైపు జరిగింది. అక్కడ అడుగున ప్రవాహం తక్కువ. మంచు మందం ఎక్కువ.

వేసవిలో పాత పునాది రాళ్ళు బయటపడ్డాక అతను వాటి మధ్య నిలబడి కొండవైపు చూశాడు. ఇరవై రెండు కొలతలు తప్పు. ఆ రాళ్ళ మధ్య ఒక గుంజ పాతి, తర్వాతి చలికాలం నుంచి దాన్నే గుర్తుగా పెట్టుకున్నాడు. గుంజ ఎందుకని అడిగినవాళ్ళకు కుక్కను కట్టడానికన్నాడు. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఏడాది తప్పని తెలిస్తే మిగతా ఏళ్ళను ఎవరు నమ్ముతారన్నది అతని భయం. ఆ అంకెలు కాక అతను వెనక మిగిల్చేది ఏమీ లేదు. పిల్లలు లేరు.

ఎవరూ అడగలేదు గనక తొమ్మిదేళ్ళు గడిచాయి. పోయిన వారం సిగ్నె అనే డెన్మార్క్ పరిశోధకురాలు ఊరి సమావేశపు గదిలో గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. ఆమె బృందం పాయ అడుగు నుంచి గొట్టాలతో బురద తీస్తోంది. బురద ఏడాదికొక పొరగా పడుతుందనీ, మంచు కింద బతికే నాచు తునకలు ఏ పొరలో ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే వేల ఏళ్ళ కిందట ఇక్కడ మంచు ఎంతకాలం నిలిచేదో తెలుస్తుందనీ చెప్పింది. ఉసాకక్ చెయ్యెత్తాడు.

"బురద పొరపాటు పడదా?"

గదిలో నవ్వారు. సిగ్నె నవ్వలేదు. "పడుతుంది. అందుకే పై పొరల్ని మీ అంకెలతో సరిచూసుకుంటాం. అవి సరిపోతేనే కింది పొరల్ని నమ్ముతాం," అంది. గోడ మీద అతని అంకెలు ఒక గీతగా కిందికి దిగుతున్నాయి. ఒకేచోట గీత పైకి లేచింది. ఆ ఏడాది మంచు కోలుకుందని చెబుతూ ఆమె అక్కడ వేలు పెట్టింది.

సిగ్నె వెళ్ళే హెలికాప్టర్ ఈ శుక్రవారం నాలుగింటికి.

తొమ్మిది కుక్కలు బండిని అరగంటలో లాక్కెళ్ళాయి. అతను ముందు, జరిగిన గిడ్డంగిని గుర్తుగా పట్టుకుని, ఆ ఏటి తప్పు చోట ఆపాడు. గునపంతో పైమంచు చెదరగొట్టి, కన్నాలు తొలిచే బర్మా నిలబెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై చుట్లకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. నీళ్ళు పైకి ఉబికాక కర్ర దించాడు. ఎనభై నాలుగు. పది అడుగుల దూరంలో ఇంకో కన్నం. ఎనభై మూడు. మూడోది మళ్ళీ ఎనభై నాలుగు.

మూడో కన్నం దగ్గర ఉండగా యాంగ్వాక్ బండి వచ్చింది. అతను అర్నారాక్ తమ్ముడు. గాలాలు తీసుకుని ఊళ్ళోకి వెళ్తున్నాడు.

"ఏం బావా, నిన్న కొలిచిన మంచు రాత్రికి రాత్రి పెరిగిందా?"

"పెరిగిందేమోనని చూస్తున్నా."

"నీ చోటు ఇది కాదుగా. కళ్ళు కూడా పోయాయా?"

ఉసాకక్ బర్మా తిప్పుతూనే ఉన్నాడు. యాంగ్వాక్ అతని ముఖం చూసి, బర్మా ఇటివ్వమన్నాడు. ఉసాకక్ ఇవ్వలేదు. అన్ని కన్నాలూ ఒకే చెయ్యి వేయాలన్నాడు.

"సరే, మా అమ్మాయికి ఇవాళో రేపో పురుడొచ్చేలా ఉంది. నువ్వు ఇక్కడ పడిపోతే నిన్ను మోసే తీరిక మాకు లేదు," అని యాంగ్వాక్ కుక్కల్ని అదిలించాడు.

అసలు చోట కన్నాలకు ఎక్కువసేపు పట్టలేదు. డెబ్బై ఒకటి, డెబ్బై, డెబ్బై ఒకటి. ఆరు అంకెలూ చేపల కాగితం వెనక పెన్సిల్‌తో రాశాడు. తేడా పదమూడు. ఎండుచేప తిని, బండి మీద కూర్చుని ఎడమచెయ్యి రుద్దుకున్నాడు. తర్వాత కుక్కల్ని ఊరివైపు తిప్పాడు.

సిగ్నె అతిథిగృహం వసారాలో బురద గొట్టాలకు మూతలు బిగిస్తోంది. ఉసాకక్ ఆమెకు కాగితం ఇచ్చి, గిడ్డంగి సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. తొమ్మిదేళ్ళుగా మనసులో చెప్పుకుంటున్నదే. ఆ ఏటి ఇరవై రెండు అంకెల్లోంచి పదమూడు తీసెయ్యమన్నాడు. ఇవాళ్టి తేడా, ఆ ఏటి తేడా ఒకటే కాకపోవచ్చనీ, అంతకన్నా తనకు తెలియదనీ అన్నాడు.

ఆమె కాగితం రెండు వైపులా చూసింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మిగతావి పారేస్తారని. మిగతావి సరైనవే. నా మాట తప్ప దానికి రుజువు లేదు."

సిగ్నె మూత కింద పెట్టింది. "ఆ ఏటి బురదలో మంచు పెరగలేదు," అంది. "తక్కిన అన్నేళ్ళూ మీ అంకె, బురదా కలిశాయి. ఆ ఒక్క ఏడాది కలవలేదు. బురదదే పొరపాటనుకున్నాం."

ఉసాకక్ వంగి గొట్టాల్ని చూశాడు.

"ఎన్నేళ్ళు కలిశాయన్నావు?"

"పోయినేడు వరకు. ముప్పై ఆరు."

అతను తల ఊపి, చేతితొడుగులు వేసుకున్నాడు. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, గొట్టాలు ఒరగకుండా కట్టుకోమని చెప్పాడు.

ఇంటికొచ్చి కొలకర్రను తలుపు లోపల ఆనించాడు. చెప్పేశావా, అని అర్నారాక్ అడిగింది. చెప్పానన్నాడు. ఏమందని అడిగితే, కుక్కలకు తిండి పెట్టి వచ్చి చెబుతానన్నాడు. ఆమె కాఫీకి నీళ్ళు పెట్టింది.

నాలుగింటికి హెలికాప్టర్ లేచింది. ఆ చప్పుడు తగ్గాక ఒక కుక్క మొరుగుడు వినిపించింది. ఆగలేదు. అర్నారాక్ కిటికీలోంచి చూసింది. ఎనిమిది కుక్కలు తలలు వంచి తింటున్నాయి. తొమ్మిదోది గొలుసు బిగిసేదాకా ముందుకొచ్చి మొరుగుతోంది. దాని వంతు చేప బండి మీద కూర్చున్న ఉసాకక్ ఒళ్ళో ఉంది. అతని తల ఛాతీ మీదికి వాలి ఉంది. ఒక చేతితొడుగు మంచు మీద పడి ఉంది.

మంగళవారం ఖననం చేశారు. నేల పైపైనే తవ్వగలిగారు. మిగతాది రాళ్ళతో కప్పారు. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. తర్వాతి చలికాలానికి ఎవరైనా దొరుకుతారా అని అడిగారు. చూస్తామని యాంగ్వాక్ చెప్పాడు.

అతను పోయిన పదకొండో రోజున యాంగ్వాక్ కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఊరి పద్ధతిలో పోయినవాళ్ళ పేరు ముందుగా పుట్టిన బిడ్డకు వెళ్తుంది. ఆడా మగా చూడరు. పేరుతోపాటు వరసలూ వెళ్తాయి. యాంగ్వాక్ మనవరాలిని బావా అని పిలిచాడు. కళ్ళు సరిగ్గా కనబడుతున్నాయా అని అడిగాడు. గదిలో నవ్వారు.

బిడ్డను మొదటిసారి తన ఇంటికి తెచ్చిన పొద్దున అర్నారాక్ కాఫీ కప్పులు సర్దుతోంది. చేతులు తుడుచుకుని బిడ్డను తీసుకుంది. బిడ్డ కళ్ళు తెరిచింది.

"ఏమయ్యా ముసలాయనా," అంది అర్నారాక్, "ఆ పిల్ల ఏమందో చెప్పనేలేదు."

తలుపు పక్కన కొలకర్ర ఆనించినచోటే ఉంది. ఈసారి దాన్ని ఎవరూ తుడవలేదు. ఎనభయ్యో గీతకు కాస్త కిందిదాకా సముద్రపు ఉప్పు ఎండి తెల్లగా కట్టింది. అక్కడి నుంచి పైకి, రాగి మేకుల దాకా, తెడ్డు ముక్క కొస దాకా కర్ర పొడిగానే ఉంది.