చేపల గదిలో గాలి

వేట నిషేధం ముగియబోతోందని ఎర్రన్న, అతని తమ్ముడు శివాజీ బోటును కడగడానికి రేవుకు వెళ్లారు. ఎర్రన్న భార్య గున్నమ్మ వాళ్లకు చద్దన్నం పట్టుకొచ్చింది.

బోటు అడుగున చేపలు దాచే గది వేసవంతా మూసే ఉంది. మూత తీయగానే కుళ్లు కంపు కొట్టింది. మిగిలిపోయిన చేపలు నీళ్లలో నాని పాడైపోయాయి.

"నాను దిగుతాను. నువ్వు బకెట్టు అందియ్యి" అని శివాజీ లోపలికి దిగాడు. అడుగున కాలు పెట్టాడో లేదో, కూలిపోయాడు. అరవనైనా లేదు.

ఎర్రన్న దూకబోయాడు. గున్నమ్మ వెనక నుంచి నడుము పట్టుకుని లాగి, అతని మీద పడింది. అతను కొట్టాడు, కరిచాడు. ఆమె వదల్లేదు. పక్క బోటు వాళ్లు వచ్చి కొక్కేల తాడుతో శివాజీని పైకి లాగేసరికి ప్రాణం లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మనం పీల్చే గాలిలో ఐదో వంతే ఆక్సిజన్, మనిషిని బతికించేది అదే. మూసిన గదిలో చేపలు కుళ్లుతుంటే ఆ ఆక్సిజన్ తరిగిపోతుంది, విషవాయువు నిండుతుంది. అక్కడ ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు. ఎర్రన్న కూడా దిగి ఉంటే రెండు శవాలు తీయాల్సి వచ్చేదంది.

ఎర్రన్న అంతా విన్నాడు. ఇంటికొచ్చాక గున్నమ్మతో మాట మానేశాడు.

శివాజీ భార్య ఈశ్వరి ఏడ్చినప్పుడల్లా గున్నమ్మ వెళ్లి పక్కన కూర్చునేది. తన మొగుడు ఎదురుగా అరుగు మీద ఉండగా ఆ పిల్లను ఏమని ఓదారుస్తుంది?

వానలు ముదిరాక ఒక సాయంత్రం, వల బాగుచేస్తున్న ఎర్రన్న చేయి ఆపాడు.

"పడిపోయే ముందు ఆడు పైకి సూసేడు, గున్నమ్మా. నాకోసమే సూసేడు."

"నాకు గాలి సంగతులేటీ తెల్దు మావా. నువ్వు దిగితే మరి రావనిపించింది. పట్టుకున్నాను."

"డాక్టరమ్మ సెప్పింది నిజమే. నాకు తెలుసు. అయినా నిన్ను సూస్తే, ఆణ్ణి ఒదిలేసినట్టే ఉంటాది."

గున్నమ్మ వల రెండో కొస ఒళ్లోకి లాక్కుని చిరుగు వెతుక్కుంది.

అప్పటి నుంచి ఇద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారు, అవసరమైనంత వరకు. ఈశ్వరి గుమ్మంలో ఉంటే అదీ లేదు.