తమ్ముడి కోసం ఖాళీ చేసిన పాక

మా పెళ్ళయ్యాక మేం సెలవు తీసుకుని ఊరు దాటడం ఇదే మొదటిసారి. గేదెలున్న ఇంటికి సెలవులుండవు. ఇంట్లో పెళ్ళయినా, ఒంట్లో జ్వరమైనా రెండు పూటలా పాలు పిండాల్సిందే. ఇప్పుడు పిండడానికి పాకలో గేదెలు లేవు. కిందటి వారమే మా ఆయన అన్నిటినీ అమ్మేశారు.

అమ్మింది తన తమ్ముడి కోసం.

మా మరిది చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఈయనే పెంచారు. రెండేళ్ళ క్రితం ఒక గేదెకు మగదూడ పుట్టింది. దానికి తాగించే పాలు దండగని ఈయన దాన్ని తల్లి దగ్గర్నుంచి లాగి బేరగాడికి ఇచ్చేశారు. అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా పెరిగింది. "ఈ పాకలో ఒక్క గేదె ఉన్నా నేనీ గడప తొక్కను" అని మరిది వెళ్ళిపోయాడు. నగరంలో ఒక హోటల్లో వంటవాడిగా చేరాడు. మాంసం సరే, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా వాడని హోటలది. వీగన్ అంటారు. నాతో ఫోన్లో మాట్లాడేవాడు. అన్న ఊసెత్తితే "పొయ్యి మీద ఏదో మాడుతోంది వదినా" అని పెట్టేసేవాడు.

ఈయన ఆ గడప మాట పట్టుకున్నారు. గేదెలు లేకపోతే తమ్ముడు వస్తాడు. ఆయన లెక్క అంతే. బేరం కుదిరిన రోజు నేనడిగాను.

"పాలిచ్చేవి పక్క డెయిరీ వాళ్ళు తోలుకెళ్ళారు, సరే. వట్టిపోయినవి ఎవరికిచ్చారు?"

"వాటినెవరు తీసుకుంటారు? లారీ ఆయనే."

లారీ ఆయన ఎక్కడికి తీసుకెళ్తాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"మీ తమ్ముడికి తెలిస్తే?"

"వాడడిగింది పాకలో గేదె ఉండకూడదని. లేదు. నువ్వు లేనిపోనివి తవ్వకు."

ఈయన అబద్ధమాడే మనిషి కాదు. ఇందులో దాచాల్సిందేదైనా ఉందని ఆయనకు తోచలేదు కూడా.

అదే వారంలో మరిది ఫోన్ చేశాడు. నగరంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతోందని, వాళ్ళ హోటల్ అక్కడ స్టాల్ పెడుతోందని, బుడ్డదాన్ని తీసుకుని రమ్మని. బుడ్డదంటే మా అమ్మాయి. అన్నను పిలవలేదు. రావద్దనీ అనలేదు. ఈయనకది చాలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు బస్సెక్కి కూర్చున్నారు.

హోటల్ చిన్నది. ఏ రెండు కుర్చీలూ ఒకలాంటివి కావు. గోడకు సున్నం లేదు, ఇటుకలు అలాగే వదిలేశారు. గాజు సీసాల్లో మొక్కలు. మరిది నల్ల ఏప్రన్‌తో వంటింట్లోంచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. బుడ్డదాన్ని ఎత్తుకుని, నన్ను చూసి నవ్వి, అన్నను చూసి "కూర్చో" అన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

పుట్టగొడుగుల వేపుడు, జీడిపప్పుతో చేసిన వెన్న రాసిన రొట్టె, ఓట్స్ పాలతో టీ తెచ్చాడు. ఈయన టీలో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశారు. వెన్న శాతం చూడ్డం అలవాటు.

"పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళని చూశాన్రా. అసలు పాలే అక్కర్లేకుండా చేసినవాణ్ణి ఇక్కడే చూడ్డం."

"ఇందులో కల్తీ లేదన్నయ్యా."

"కల్తీ చేయడానికి ఏముందని?"

మరిది నవ్వాడు. అన్నయ్యా అన్నాడు కూడా. బుడ్డది రొట్టె మీది వెన్న మాత్రం నాకేసి, "బాబాయ్, ఇది వెన్న కాదు, కానీ బాగుంది" అని తేల్చింది. 

"చూశావా, మీ నాన్న కంటే నీకే రుచి తెలుసు" అన్నాడు మరిది.

ఈయన గ్లాసు పక్కన పెట్టారు. దారంతా ఆయన లోపల్లోపల అనుకుంటూ వచ్చిన మాట బయటికొచ్చింది.

"పాక ఖాళీరా."

"అంటే?"

"అంటే ఖాళీ. ఒక్కటీ లేదు. కడిగించి సున్నం కూడా కొట్టించాను. ఇంక నువ్వు గడప తొక్కొచ్చు."

మరిది కుర్చీలో కూలబడ్డాడు. ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నా కోసమా?"

"మరి పక్కింటివాడి కోసమా?"

ఆ తర్వాత పదినిమిషాలు మేం నలుగురం ఒక కుటుంబంలా ఉన్నాం. ఉత్సవం అయిపోగానే ఇంటికొచ్చేస్తానన్నాడు. పాకలో పుట్టగొడుగులు పెంచుదామన్నాడు. నీడ ఉంది, తేమ ఉంది, అంతకంటే వాటికేం కావాలన్నాడు. ఈయన పుట్టగొడుగుల గురించి ఏమీ తెలియకుండానే అన్నిటికీ తలూపారు. ఈయన అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంతకీ వాటిని ఎక్కడ..." అని మరిది అంటుండగా వంటింట్లోంచి గంట మోగింది. లేచి పరుగెత్తాడు.

"అడుగుతాడు" అన్నాను నేను.

"అడిగితే ఉన్నది చెప్తాను."

"కాస్త ఆలోచించి చెప్పండి."

"ఉన్నదానికి ఆలోచనెందుకు?"

సాయంత్రం సంగీతోత్సవానికి వెళ్ళాం. పెద్ద మైదానం. దూరంగా వేదిక. డ్రమ్ములు కొట్టినప్పుడల్లా నా చేతిలోని నీళ్ళ సీసా అదిరింది. వేదికకు ఎడమపక్క తిండి స్టాళ్ళు. మరిది మమ్మల్ని వాళ్ళ స్టాల్ వెనక్కి తీసుకెళ్ళి, పనివాళ్ళందరికీ అన్నను చూపించాడు.

"ఈయనే మా అన్నయ్య. నా కోసం మంద మొత్తం వదిలేశాడు."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈయన సిగ్గుపడి చొక్కా సర్దుకున్నారు. హోటల్ యజమానురాలు నెరిసిన జుట్టున్న పెద్దావిడ. ఈయన చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఎంత మంచి పని చేశారండీ. ఎక్కడ ఉంచారు వాటిని? మేమంతా ఒకసారి వెళ్ళి చూసొస్తాం."

"ఉంచడమేంటండీ? అమ్మేశాను. పాలిచ్చేవి పక్క డెయిరీకి, వట్టిపోయినవి లారీకి."

పాట హోరులో ఆమెకు వినపడలేదు. మరిదికి వినపడింది.

"ఏ లారీకి?"

"లారీలెన్ని ఉన్నాయిరా మన ఊళ్ళో?"

"చుక్కని?"

చుక్క నుదుట తెల్లమచ్చ ఉన్న గేదె. దాని తల్లి చచ్చిపోతే మరిదే సీసాతో పాలు పట్టి బతికించాడు.

"అది వట్టిపోయి ఏడాదైంది. డెయిరీ వాళ్ళు వద్దన్నారు. నేనేం చెయ్యను? నువ్వేగా ఒక్కటీ ఉండకూడదన్నావ్."

మరిది అరవలేదు. అరుస్తాడేమోనని నేను బుడ్డదాన్ని వెనక్కి లాక్కున్నాను కూడా. తలపాగా గుడ్డ సరిగ్గా కట్టుకుని, చేతులు కడుక్కుని, స్టాల్లోకి వెళ్ళి పని మొదలుపెట్టాడు. నేను పక్కనించి వెళ్ళి పిలిచాను.

"నువ్విలా బాధపడతావని మీ అన్నయ్యకి తెలీదు. నువ్వొస్తావని చేశారు. అంతే."

"నాకు తెలుసు వదినా."

"మరి రా. ఆ పుట్టగొడుగులేవో పెంచుకుందువు గాని."

అతను రొట్టె తిరగేశాడు. "కోపం వచ్చి వెళ్ళాను గాని, ఎప్పటికైనా వచ్చి వాటిని చూసుకోవాలనే అనుకున్నాను. పోయిన దూడని తేలేను, ఉన్నవాటినైనా చివరిదాకా మేపుదామనుకున్నా. డబ్బు దాచుకుంటున్నా. ఇప్పుడొచ్చి ఏం చెయ్యను? సున్నం కొట్టిన గోడలు చూడనా?"

బుడ్డదానికి ఒక రొట్టె చుట్టి ఇచ్చి, వరసలో ఉన్నవాళ్ళని చూసుకోవాలన్నాడు.

ఈయన వెళ్ళి స్టాల్ ముందు వరసలో నిలబడ్డారు. తమ్ముడితో మాట్లాడ్డానికి ఇంకో దారి కనిపించలేదు కాబోలు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. ఈయన వంతు వచ్చింది.

"ఏం కావాలండీ?" అన్నాడు మరిది.

ఈయన కాసేపు ఆ మొహంలోకి చూశారు. వెనకవాళ్ళు తొందరపెట్టారు. పైన బోర్డు మీద వేలికి దొరికినదేదో చూపించి, ప్లేటు తీసుకుని మా దగ్గరికొచ్చారు.

"కోపం తగ్గాక వస్తాడులే" అన్నారు.

మరిది కోపం నాకు తెలుసు. పళ్ళేలు విసిరేవాడు, రెండు రోజులు అన్నం మానేసేవాడు, మూడో రోజు వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. ఇది అది కాదు. ఈయనకా మాట చెప్పలేదు. చెప్పినా ఆయన ప్రశ్న ఒక్కటే. మరి ఇంకేం చెయ్యాలి? చెయ్యగలిగింది ముందే చేసేశారు. లారీ వెళ్ళి వారమైంది.

వేదిక మీద పాడే అమ్మాయి అందరినీ చేతులెత్తమంది. మైదానమంతా చేతులు లేచాయి. బుడ్డది రొట్టెతో సహా ఎత్తింది. ప్లేటు ఎడమచేత్తో పట్టుకుని ఈయన కూడా కుడిచెయ్యి ఎత్తారు. పాట అయిపోయింది, అందరూ దించారు. ఈయన దించలేదు. వేదిక వదిలేసి స్టాల్ వైపు తిరిగి ఉన్నారు. అక్కడ మా మరిది తల వంచుకుని పెనం గీకుతున్నాడు.

"ఏమండీ, చెయ్యి దించండి. వెనకవాళ్ళకి కనపడట్లేదట" అన్నాను.