కింది కడ్డీ

పాప బట్టలు మడతపెడుతుంటే మా కోడలు వచ్చి పక్కన కూర్చుని ఫోను నా ముందు పెట్టింది. "ఇది మామయ్యగారి బండే కదా అత్తయ్యా?" అంది.

తెర మీద ఒక బొమ్మ రైలు. ఇంజను, దాని వెనక అయిదు పెట్టెలు, నీలం మీద గోధుమరంగు చార. పిల్లలు ఆడుకునేది కాదు, సరదా ఉన్నవాళ్ళు సేకరించి అద్దాల బీరువాలో పెట్టుకునే రకం. అసలు బండిని ఈ ఏడాది చివర ఆపేస్తున్నారట. అందుకని ఎవరో దాని నమూనాలు కొన్నే తయారుచేసి అమ్ముతున్నారు. మా ఊళ్ళో ఒక దుకాణంలో ఒక్క సెట్టు మిగిలింది. మా ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆయనకేమివ్వాలా అని ఈ పిల్ల కొన్నాళ్ళుగా తల బద్దలుకొట్టుకుంటోంది. శనివారం దాకా ఎవరికీ అమ్మకుండా ఉంచుతానని దుకాణాయన మాటిచ్చాడట.

"మీరొకసారి చూసి సరే అంటే తీసుకుందాం. ఆయన మనసు మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?" అంది.

నేను మడిచిన గౌను విప్పి మళ్ళీ మడిచాను.

ఆయన బండి. మా ఇంట్లో అందరూ దాన్ని అలాగే అంటారు. ముందుగదిలో గోడకి ఆయన యోగ్యతాపత్రం ఉంటుంది, ఆ బండి తలుపులకీ మెట్లకీ కొత్త రూపం ఇచ్చినందుకు. ఎవరొచ్చినా ఆయన చదివి వినిపిస్తారు. నేను కాఫీ తెచ్చి ఇస్తే, "మా ఆవిడ కూడా కొన్నాళ్ళు మా ఆఫీసులోనే ఉండేది, గీతలు దిద్దేది" అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. చెల్లెలి ఇంట్లో ఒకసారి ఆమె కూతురు, "గీతలు దిద్దడమేంటి పెద్దమ్మా, బడి పంతులమ్మవా?" అని అడిగింది. అవునన్నాను. విడమర్చి చెప్పే ఓపిక లేకపోయింది.

రైలుపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిచ్చిన బొమ్మను పలచని ట్రేసింగ్ కాగితం మీదికి సిరాతో ఎక్కించడం నా పని. గీత తప్పితే కాగితం చిరగకుండా బ్లేడుతో గీకాలి. చెమటచుక్క పడిందంటే మూడురోజుల కష్టం పోయినట్టే, అందుకని మణికట్టుకి రుమాలు చుట్టుకునేదాన్ని. పద్దెనిమిదిమంది మగవాళ్ళ మధ్య ఇద్దరం ఆడవాళ్ళం. మాకు బాత్రూమ్ కావాలంటే పక్క భవనానికి వెళ్ళాలి. వెళ్ళొచ్చేసరికి మా హెడ్డు మా కేసి కాకుండా గడియారం కేసి చూసేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికి పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగడం మానేసిన రోజులు ఎన్నో.

రోజూ రైల్లోనే ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ఒకరోజు నా ముందు ఒకామె చంకలో బిడ్డతో ఎక్కబోయి జారిపడింది. బిడ్డకేం కాలేదు, ఆమె మోకాలు చీరుకుపోయింది. "చూసుకుని ఎక్కాలి కదమ్మా" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. నేను ఆ తలుపు కేసి చూశాను. పట్టుకునే కడ్డీ మగవాడి భుజం ఎత్తున ఉంది. ఒక చేతిలో బిడ్డ ఉన్న మనిషి రెండో చెయ్యి అంత పైకి చాపితే వెనక్కి తూలక ఏమవుతుంది? మర్నాటినుంచి కుట్టుపని టేపు సంచిలో వేసుకుని వెళ్ళి, స్టేషన్లో ఆడవాళ్ళ చేతులు కొలవడం మొదలుపెట్టాను. ఊడ్చేవాళ్ళు, టీచర్లు, బుట్టలు మోసేవాళ్ళు, ఒక నిండు గర్భిణి, మొత్తం నలభై ముగ్గురు. కొందరు నాకు పిచ్చి అనుకున్నారు. ఒకావిడ, బట్టలు బాగా కుడతావా, కొత్తచోట ఇచ్చి మోసపోయాను అంది.

అప్పటికి మా పెళ్ళయి రెండేళ్ళు. ఆదివారాలు వంటింటి బల్ల మీద గీసేదాన్ని. తలుపు పక్కన రెండో కడ్డీ, నడుము ఎత్తున మొదలై కొంచెం లోపలికి వంగి పైకి పోతుంది. దాని కింద మెట్టు బెత్తెడు దించాను. ఆయన అప్పుడు కొత్త బండి తలుపుల విభాగంలో ఇంజనీరు. కాగితం తిప్పి తిప్పి చూశారు. బాగుంది, సోమవారం మీటింగులో పెడతానన్నారు. మీటింగుకి నాలాంటి ట్రేసర్లని పిలవరు.

పైవాళ్ళు ఒప్పుకున్నారు. చివరి కాపీ ఎక్కించడానికి నా బల్ల మీదికే వచ్చింది, ఎందుకంటే ఆఫీసులో అందరికంటే ముత్యాల్లాంటి అక్షరాలు నావే. కాగితం కుడిమూల కింద 'రూపకల్పన' అని చిన్న గడి ఉంటుంది. అందులో ఆయన పేరు పొడి అక్షరాలు వెయ్యమని హెడ్డు చీటీ పంపాడు. వేశాను. ఆ సాయంత్రం నేను అన్నం వడ్డిస్తుంటే ఆయన, "నీది నాది అని వేరే ఏముంది? పేరుదేముంది, పని అయిందిగా" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు ముద్దుగానే ఉంది. మూడో నెల కడుపుతో ఉన్నాను. ఇద్దరికీ కలిపి ఒక పేరు చాలుననుకున్నాను. ఆ ఒక్కటీ ఆయనదే ఎందుకవ్వాలన్నది తోచనైనా లేదు.

తర్వాత బాబు పుట్టాడు. మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నారు ఆయన. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఇంట్లో ఏ ఒక్కరూ అడగలేదు. నేను కూడా.

గురువారం కోడలితో దుకాణానికి వెళ్ళాను. ఇరుకుగది, గోడల నిండా అద్దాల అరలు. దుకాణాయన ముసలివాడు, వేళ్ళు మాత్రం గడియారాలు బాగుచేసేవాడి వేళ్ళలా ఉన్నాయి. పెట్టెలు ఒక్కొక్కటీ తీసి నల్లటి గుడ్డ మీద పెట్టాడు. మూడోది ఆడవాళ్ళ పెట్టె. భూతద్దం నా చేతికిచ్చి, తలుపు దగ్గర చూడమన్నాడు.

వడ్లగింజంత ఉంది. నడుము ఎత్తున మొదలై, కొంచెం లోపలికి వంగి, పైకి పోయింది. ఆ వంపు ఎంత ఉండాలో తేల్చడానికి నేను నాలుగు ఆదివారాలు తీసుకున్నాను. ఎవరో మనిషి ఎక్కడో కూర్చుని ఆ వంపుని తూచా తప్పకుండా ఇంత సన్నటి తీగతో వంచాడు.

"ఈ బండి ప్రత్యేకతే అది. దీన్ని గీసినాయన ఎవరోగానీ, ఆడవాళ్ళ కష్టం తెలిసినవాడమ్మా" అన్నాడు దుకాణాయన.

కోడలు మురిసిపోయింది. అది మా మామగారేనని చెప్పింది. దుకాణాయన లేచి నిలబడ్డంత పనిచేశాడు. సెట్టుతో పాటు ఒక ఇత్తడి రేకు ఇస్తారట, దానిమీద పేరు చెక్కి ఇస్తానన్నాడు. కోడలు ముందే కాగితం మీద రాసి తెచ్చింది. తప్పులున్నాయేమో చూడమని ఆ కాగితం నాకిచ్చింది.

పేరు, కింద 'ఈ బండి రూపశిల్పికి'. తప్పులేమీ లేవు. నేను చెయ్యాల్సింది తల ఊపడం. ఊపలేకపోయాను. ఇప్పుడు వద్దు, ఆలోచించి చెబుతామని బయటికి వచ్చేశాను.

బస్టాపులో బల్ల మీద కూర్చున్నాక చెప్పాను. టేపు దగ్గరనుంచి పొడి అక్షరాల దాకా, వరసగా. చెబుతున్నంతసేపూ రోడ్డు కేసే చూశాను. నా చెయ్యి పట్టుకుంటుందని, ఓదారుస్తుందని ఎక్కడో ఆశ ఉండే ఉంటుంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు.

"మరి నాకెందుకు అలా చెప్పారు అత్తయ్యా?" అంది.

ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మా కోడలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇంట్లో వాళ్ళు ఎలా వ్యాయామం చేయించాలో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం రాసింది. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని రాసింది, నేను చూస్తూనే ఉన్నాను. అచ్చయి వచ్చేసరికి అట్టమీద వాళ్ళ పెద్ద డాక్టరు పేరుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. నేను తల నిమిరి, "పోనీలేమ్మా, పేరుదేముంది, పని అయిందిగా" అన్నాను. పేషెంట్లకి మేలు జరిగితే అదే చాలని కూడా కలిపాను. అంత ధీమాగా ఎలా అన్నాను? ఎవరి గొంతు అది?

"మీకు తెలుసు కదా అదెలా ఉంటుందో. తెలిసిన మనిషి చెప్పింది కదా అని ఊరుకున్నాను" అంది.

నాకు జరిగినదానికి ఏడుపు రాలేదు ఎప్పుడూ. అప్పుడు వచ్చింది. బస్సు వచ్చింది, ఎక్కాం.

ఆ సాయంత్రం ఆయన వరండాలో బూట్లకి పాలిష్ వేసుకుంటున్నారు. కడ్డీ సంగతి కోడలికి చెప్పేశానన్నాను. చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు అదంతా, రిటైరయ్యే ముందు ఆఫీసులో నా పరువు తియ్యాలనా అన్నారు. గొంతు పెంచలేదు. ఆయనకి కోపం తక్కువ, అందుకే అందరూ నన్ను అదృష్టవంతురాలంటారు.

"నేనెప్పుడైనా నువ్వు గియ్యలేదన్నానా? నీ పేరు పెట్టమని ఒక్కసారైనా అడిగావా నువ్వు? అడిగితే కాదనేవాడినా?" అన్నారు.

ఆలోచించాను. నిజానికి కాదనేవారు కాదేమో. నాలుగు రోజులు నసిగి, హెడ్డుకి చెప్పి, రెండో పేరుగానైనా పెట్టించేవారేమో. అన్నిటికంటే అదే గుండెలో దిగింది. ఒక్క మాటకి దొరికేదేమో. ఆ ఒక్క మాట నేను అనలేదు.

"అడగలేదు" అన్నాను. "మీరడిగారా?"

"నా పేరుకి నేనెవర్ని అడగాలి?"

"అదే."

ఆయన నా కేసి చూశారు. అర్థమైందో లేదో తెలీదు. మళ్ళీ బ్రష్షు తీసుకుని, పాలిష్ వేసిన బూటుకే ఇంకోసారి వేశారు.

శుక్రవారం కోడలు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. సెట్టు కొని, రేకు మీద మీ పేరే చెక్కిద్దాం, మీ గదిలోనే పెట్టుకుందురుగాని అంది. మా అబ్బాయి కూడా సరేనన్నాడట. ఆ రోజంతా ఆ మాట మీదే ఉన్నాను. బీరువా పైన, కిటికీ పక్కన, ఎక్కడ పెడితే వెలుగు పడుతుందో కూడా చూసుకున్నాను. కావాలనిపించింది, అబద్ధమెందుకు. కానీ దాన్ని చూసినప్పుడల్లా నాకు కనిపించేది నా పేరు కాదు, బస్టాపులో ఆ పిల్ల మొహం. ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి నోరు నేనే మూసి, నా గదిలో బొమ్మరైలు పెట్టుకుని తుడుచుకుంటూ కూర్చోవడం నాకు చేతకాదు.

శనివారం పొద్దున్న దుకాణాయనకి ఫోను చేసి, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. ఆయన పాపం బాధపడ్డాడు. మీ ఆయనగారికి నచ్చదనుకున్నారా అని అడిగాడు. అది గీసింది మా ఆయన కాదు, నేను అన్నాను. క్షమించాలమ్మా అని ఫోను పెట్టేశాడు. ఆయన చేసిన తప్పేముంది, క్షమించడానికి!

ఆదివారం కోడలితో కూర్చుని, తను రాసుకున్న చిత్తుప్రతులన్నీ వెతికించాను. తేదీలున్నవి ఒక దొంతర, లేనివి ఒక దొంతర. పుస్తకం రెండోసారి అచ్చుకి వెళ్ళబోతోంది, ఆ లోపలే అడగాలి. అట్టమీద తన పేరు కావాలని పెద్ద డాక్టరుని అడగమన్నాను. పక్కన రెండో పేరుగా కాదు, రాసినది నువ్వు కాబట్టి ముందు నీదే అని అడగమన్నాను. ఉద్యోగం పోతే అంది. పోవచ్చు అన్నాను. నాకు అంతకంటే మంచి జవాబు తెలీదు.

సోమవారం సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. చేతులు కడుక్కుంది. పాపని నా ఒళ్ళోంచి తీసుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"అడిగాను అత్తయ్యా. నవ్వేశారు. ఇలాంటివాటికి పేరేమిటి, కుదరదన్నారు."

నేను దీపం వేశాను. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, తాగేదాకా ఆగాను.

"మళ్ళీ ఎప్పుడడుగుతావు?" అన్నాను.