ముప్పై నాలుగు మెట్లు

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్టాండులో ఇరవై ఆరేళ్ళపాటు మైకులో చెప్పిన మనిషి కాబట్టి ఆవిడను అందరూ అనౌన్సరమ్మ అనేవారు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. డ్యూటీ దిగి, కూరగాయలు కొనుక్కుని, రెండో అంతస్తులో ఉన్న ఇంటికి ముప్పై నాలుగు మెట్లూ ఒక్క ఊపులో ఎక్కేది. ఏదో మరిచిపోయానని అంతే ఊపుగా మళ్ళీ దిగేది. అలాంటి మనిషికి యాభై నాలుగో ఏట, ఒక మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటుండగా ఎడమ చెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. నిమిషం తిరగకుండా ఎడమ కాలు కూడా చేతి పక్షమే చేరిపోయింది. పక్షవాతం అన్నారు డాక్టర్లు.

మూడు వారాల తరువాత ఆస్పత్రి వాళ్ళు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులతో మెట్లమీదుగా మోయించి ఇంట్లో దింపి వెళ్ళారు. మాట తిరిగి వచ్చింది, మొదట్లో కాస్త ముద్దముద్దగా ఉన్నా. చేతిలో కదలిక భుజం దాకా వచ్చి ఆగిపోయింది. కాలు మాత్రం వస్తానంటుంది కానీ రాదు.

మంచం మీంచి లేవడం ఒక పని అని అంతకుముందు ఆవిడకు తెలియదు. ఇప్పుడు అది పదకొండు పనులయింది. ముందు కుడిచేత్తో ఎడమచేతిని వెతికి పట్టుకుని పొట్టమీదికి తెచ్చుకోవాలి, లేకపోతే అది ఒంటికింద పడి నలుగుతుంది. కుడిపాదాన్ని ఎడమ మడమ కిందికి దూర్చి రెండు కాళ్ళనూ కలిపి అంచుదాకా ఈడ్చాలి. మోచేతిమీద ఒరిగి లేవాలి. లేచాక గది గిర్రున తిరుగుతుంది, తిరగడం ఆగేదాకా కూర్చోవాలి. అప్పుడు ఎడమకాలికి చెప్పుకోవాలి, ఇప్పుడు నీమీద బరువు వేస్తున్నాను, మడత పడకు అని. అది వింటే సరే. వినని రోజు మళ్ళీ మొదటి పని దగ్గర్నుంచి.

ఇంతా చేసి కూర్చుంటే చూడ్డానికి బంధువులు వచ్చేవారు. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగగానే, ఏదీ, ఒకసారి చెయ్యెత్తు చూద్దాం అనేవారు. భర్తకు కళ్ళద్దాల షాపు. ఎదుటివాళ్ళకు పరీక్షలు పెట్టడం ఆయనకు అలవాటే. కాబట్టి ఆయనే పక్కన నిలబడి, ముందు భుజం, తరువాత మోచెయ్యి, తరువాత వేళ్ళు అంటూ వరసగా చూపించేవాడు. వేళ్ళు కదలకపోతే వచ్చినవాళ్ళు పెదవి విరిచేవారు. కదిలితే, పోయినవారం మా పక్కింటాయన చెయ్యి ఇంకా పైకెత్తాడు అనేవారు.

ఆడపడుచు ఒకరోజు మంచం పక్కన కూర్చుని, లోపమంతా మనసులోనే ఉందని తేల్చింది.

"గట్టిగా అనుకుంటే ఎందుకు కదలదు? నువ్వు గట్టిగా అనుకోవడం లేదు."

"మీరు గట్టిగా అనుకుని ఒకసారి చెవులు కదపండి వదినా. నేనూ చూస్తాను" అంది అనౌన్సరమ్మ.

ఆడపడుచు అనుకోకుండా ఒక క్షణం ప్రయత్నించింది. ఆ తరువాత నెలరోజులు ఆ గడప తొక్కలేదు.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చేది. నాలుగు నెలల్లో కర్రసాయంతో వంటింటిదాకా, బాత్రూందాకా నడక వచ్చింది. ఇక మెట్లు నేర్చుకోవాలి, డ్యూటీకి వెళ్ళాలి అని ఆవిడ పట్టుబట్టింది. మైకు ముందు కూర్చుని చేసే పనికి కాళ్ళతో నిమిత్తం లేదని, ఎలాగోలా వస్తే చాలని బస్టాండు మేనేజరు కబురు పెట్టాడు.

ఎలాగోలా రావడం దగ్గరే చిక్కు. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు. మెట్లకు రెండు పక్కలా నున్నటి గోడలే తప్ప పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. ఎక్కేటప్పుడు కుడివైపు వచ్చే గోడకు ఒక పైపు బిగిస్తే చాలంది ఫిజియో అమ్మాయి. భర్త అపార్ట్‌మెంటు సంఘానికి అర్జీ రాశాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. గోడకు రంగు వేసి ఆరు నెలలే అయిందనీ, పైపు బిగిస్తే అందం చెడుతుందనీ అందులో ఉంది. గోడమీద అరచేతి మరకలు పడే ప్రమాదం ఉన్నందున, సదరు నివాసి చేతులు శుభ్రంగా తుడుచుకుని మెట్లు దిగవలసిందిగా కూడా కోరారు.

చేసేది లేక ఫిజియో అమ్మాయి వెనకనుంచి నడుము బెల్టు పట్టుకోగా, భర్త ఎదురుగా వెనక్కి దిగుతూ చేతులు చాపగా, ఆవిడ మెట్లు దిగడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లు దిగేసరికి తాతలు దిగివచ్చేవారు. ఎడమపాదం వేళ్ళు వేలాడుతూ మెట్టు అంచుకు తగులుకునేవి, నడుముతో ఎత్తి విసరాల్సి వచ్చేది. కిందికి చేరడానికి ఇరవై ఐదు నిమిషాలు. ఎదురైనవాళ్ళు ఆగి, మీరు మాకెంతో స్ఫూర్తి అని దారి తప్పుకునేవారు. స్ఫూర్తి పొందినవాళ్ళెవరూ చేతిసంచి అందుకోలేదు.

ఇంతలో సంఘం వార్షికోత్సవం వచ్చింది. ప్రెసిడెంటుగారు ఇంటికి వచ్చి ఆవిడకు సన్మానం చేయదలిచామన్నారు. ఆయన ఏ మాటైనా తీర్మానం చదివినట్టు చెప్పే మనిషి. భర్త పొంగిపోయాడు. ఆవిడ మాత్రం వేదిక ఎక్కడ అని అడిగింది. కింద ఆవరణలో చెక్క వేదిక, దానికి ఐదు మెట్లు అన్నారు. పట్టుకోవడానికేమైనా ఉంటుందా అని అడిగింది. పూలకుండీలు పెడతాం అన్నారు.

ఆ సాయంత్రం పూలకుండీల మధ్యనుంచి ఐదు మెట్లు ఎక్కింది. కుడికాలు పైమెట్టుమీద పెట్టి, ఒళ్ళంతా దానిమీదికి వేసుకుని, ఎడమకాలిని పైకి లాక్కుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ. మూడో మెట్టుమీద చెక్క కదిలింది. కింద వంద కుర్చీల్లోంచి చప్పట్లు మోగాయి. చప్పట్ల అదురుకు కర్ర జారబోయింది. దయచేసి కాసేపు కొట్టకండి అందామనుకుంది కానీ మాటకూ కాలికీ ఒకేసారి చాలే ఊపిరి లేదు.

ఈ సోదరి ఏ ఆధారమూ లేకుండా రోజూ ముప్పై నాలుగు మెట్లు ఎక్కి దిగుతున్నారని, మన భవనానికే ఇది గర్వకారణమని ప్రెసిడెంటుగారు మాట్లాడారు. జ్ఞాపిక ఇచ్చారు. అది బరువుది, రెండు చేతులతో అందుకోవలసినది. భర్త పరుగున వచ్చి పట్టుకున్నాడు. రెండు మాటలు చెప్పమని మైకు ఆవిడ ముందు పెట్టారు.

మైకు చూడగానే ఆవిడ గొంతు దానంతటదే సర్దుకుంది.

"నివాసులకు విజ్ఞప్తి. మన మెట్లకు రెయిలింగ్ లేదు. నేను ఆధారం లేకుండా ఎక్కుతున్నది గొప్ప కోసం కాదు, మీరు పెట్టలేదు కాబట్టి. దయచేసి పెట్టించగలరు. నివాసులకు మరొక్కసారి విజ్ఞప్తి."

రెండోసారి కూడా పొల్లుపోకుండా అదే చెప్పింది. జనం నవ్వారు, అంతకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంత కష్టంలోనూ ఈ హాస్యం చూశారా అన్నాడు సెక్రటరీ.

మర్నాడు సంఘం తరఫున మెట్ల మలుపులో ఆవిడ ఫోటో పెద్ద ఫ్రేము కట్టి వేలాడదీశారు. కింద "సంకల్పానికి సాయం అక్కరలేదు" అని అచ్చు వేయించారు. కొత్త రంగు గోడకు నాలుగు మేకులు దిగాయి. సరిగ్గా పైపు రావలసిన చోటే.

ఆవిడ ఆ ఫోటో ముందు నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక మెట్టుమీద కూలబడింది. లేపడానికి భర్తా, ఫిజియో అమ్మాయీ ఇద్దరూ కావలసి వచ్చారు. లేచాక, సందు చివర వెల్డింగ్ షాపాయన్ని పిలుచుకురమ్మని భర్తకు చెప్పింది. సంఘం ఒప్పుకోలేదు కదా అని ఆయన నసిగాడు.

"ఒప్పుకునేదాకా మీరు నన్ను ఎత్తుకుని దించుతారా?" అంది.

ఆయన వెళ్ళి పిలుచుకొచ్చాడు.

వెల్డింగ్ షాపాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవిడను గోడపక్కన నిలబెట్టి, చెయ్యి ఎంత ఎత్తున హాయిగా ఆనుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున డ్రిల్లింగ్ మిషను తెచ్చి పని మొదలెట్టాడు. అదే సమయానికి కింద హాల్లో సంఘం సమావేశం జరుగుతోంది. కాసేపటికి వాచ్‌మన్ పైకి వచ్చి, మిషను ఆపమంటున్నారని చెప్పాడు. ఎందుకని అడిగితే, రెయిలింగ్ పెట్టాలా వద్దా అని లోపల చర్చ నడుస్తోందని, ఈ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడడం లేదని అన్నాడు. ఇంకో గంటలో అయిపోతుందని చెప్పమంది ఆవిడ. చర్చ అయ్యేలోపు రెయిలింగ్ అయిపోయింది. ఫోటోను వెల్డింగ్ షాపాయన జాగ్రత్తగా దించి వాచ్‌మన్ చేతికిచ్చాడు.

సంఘం ఒంటికాలిమీద లేచింది. అనుమతి లేని కట్టడాన్ని పరిశీలించడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. పైపు గట్టితనం తేల్చడానికి దాన్ని పట్టుకుని మూడుసార్లు ఎక్కి దిగారు. నాలుగోసారి కూడా పరిశీలిస్తే మంచిదన్నాడు అందులో పెద్దాయన. పైపు దృఢంగా ఉంది, కానీ నిబంధనలకు విరుద్ధం, కాబట్టి తొలగించాలి, తొలగించేదాకా నివాసులు వాడుకోవచ్చు అని నివేదిక ఇచ్చారు. తొలగించే తేదీని తరువాతి సమావేశానికి వాయిదా వేశారు. ఆ తరువాత మూడు సమావేశాలు జరిగాయి.

దిగడంలో ఇంకో తిరకాసు ఉంది. ఎక్కేటప్పుడు కుడిచేతికి వచ్చే పైపు దిగేటప్పుడు ఎడమచేతి వైపుకు వస్తుంది. ఆ చెయ్యి దేన్నీ పట్టుకోదు. ఫిజియో అమ్మాయి ఆలోచించి వెనక్కి దిగడం నేర్పింది. మొహం పైకి, పైపు కుడిచేతిలో, ముందు ఎడమపాదాన్ని కింది మెట్టుకు వదలడం, దానికి నేల తగిలిందని తుంటికి తెలిసాక కుడిపాదాన్ని దించడం. కర్రను నడుము బెల్టుకు తగిలించుకోవడం. రెండు వారాలు సాధన చేశాక, భర్తనూ ఆ అమ్మాయినీ ఇద్దరినీ రావద్దంది.

డ్యూటీలో తిరిగి చేరే రోజు పొద్దున ఆవిడ ఒక్కతే అలా వెనక్కి దిగుతోంది. మలుపు దాటాక కిందనుంచి ప్రెసిడెంటుగారు పైపు పట్టుకుని ఎక్కుతూ వచ్చారు. ఆవిడ వీపు చూసి ఆగారు.

"పైకేనా అమ్మా? నెమ్మదిగా కానివ్వండి, నాకేం తొందర లేదు" అన్నారు.

"కిందికండీ. మీరు వెనక్కి దిగితే నేను వస్తాను."

పక్కకు తప్పుకుని ఎక్కిపోవచ్చు, కానీ పైపు వదలడానికి ఆయనకు మనసొప్పలేదు. వెనక్కి ఒక మెట్టు దిగారు. ఆవిడ ఒక మెట్టు దిగింది. ఆయన ఇంకోటి దిగారు. కింది మెట్టు ఎక్కడుందో తెలియక పాదంతో తడుముకుంటూ, కుదురుకుంటూ, తల తిప్పి చూస్తే తూలుతానేమోనని చూడకుండా దిగారు. పదకొండు మెట్లు అలా వెళ్ళేసరికి ఆయన చొక్కా వీపు తడిసిపోయింది. ఏ తీర్మానమూ చదవలేదు.

నేలమీదికి వచ్చాక ఆవిడ బెల్టునుంచి కర్ర తీసుకుని, గేటు బయట ఆగి ఉన్న ఆటో వైపు నడిచింది. తొమ్మిదింటి బస్సు అనౌన్స్‌మెంటుకు ఇంకా నలభై నిమిషాలుంది.