రోడ్డు మధ్య సోఫా

ఆ రోడ్డు ఎంత వెడల్పుగా తయారైందంటే, నున్నగా గడ్డం గీయించుకుని ఈ పక్కన బయల్దేరిన మనిషి ఆ పక్కకి చేరేసరికి మళ్ళీ గడ్డం మాసిపోయేది. అబద్ధమైతే క్షవరం షాపాయన్ని అడగండి. గడ్డాలు అంత తొందరగా పెరిగితే ఆయనకి లాభమే కదా అంటారేమో! ఎక్కడి లాభం? గడ్డం పెరిగినవాడు ఆ పక్కనే ఉండిపోయేవాడు. మళ్ళీ దాటి వచ్చే గుండె ఎవరికుంది?

అంతకుముందు అదొక మామూలు వీధి. రెండు వైపులా చెట్లు, నీడలో నడిచే బాట, మధ్యలో దాటడానికి తెల్ల చారలు. రోడ్ల ఆఫీసు వాళ్ళు వచ్చి చెట్లు కొట్టేశారు, బాటని రోడ్డులో కలిపేశారు, తెల్ల చారల మీద తారు కప్పేశారు. ఆ రోజు నుంచి కార్లు నేల మీద నడవడం మానేసి ఎగరడం మొదలుపెట్టాయి.

ఈ పక్కన పరుపులక్క దుకాణం. పాత సోఫాలు విప్పి, కొత్త పీచు కూరి, స్ప్రింగులు బిగించి, దబ్బనంతో కుట్టి ఇస్తుంది. ఆమె బాగుచేసిన సోఫాలో కూర్చున్న ఒక పెద్దమనిషి లేవబుద్ధికాక అందులోనే రిటైరయ్యాడని వీధిలో చెప్పుకుంటారు. సరిగ్గా ఎదురుగా, ఆ పక్కన, ఆమె చెల్లెలి ఇల్లు. అక్క కూరితే చెల్లెలు అంచులు కుట్టేది. ఇద్దరూ రోజంతా కుట్టుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉండేవారు.

ఇప్పుడు చెల్లెలి మోకాలు మొండికేసింది. సగం రోడ్డు దాకా నడవగలదు. అక్కడ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ఆగితే కార్లు ఊరుకోవు. దాంతో ఆమె కిటికీ దగ్గర, అక్క దుకాణం గుమ్మంలో నిలబడి, ఒకరికొకరు చీమల్లా కనిపిస్తూ ఫోనులో మాట్లాడుకునేవారు.

వీధి చివర క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మ చెల్లెల్ని చూడడానికి వచ్చి చెప్పేసింది. "రోజూ నడవాలమ్మా. నడవకపోతే ఆ మోకాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నా వల్ల కాదు, డాక్టరు వల్లా కాదు."

"ఎక్కడికి నడవమంటావు? మంచం దగ్గర్నుంచి కిటికీ దాకానా?" అంది చెల్లెలు.

ఆ మాట ఫోనులో విన్న పరుపులక్క దబ్బనం కొంగుకి గుచ్చుకుని తిన్నగా రోడ్ల ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే, "రోడ్డు అందరిదీ అమ్మా. మధ్యలో అడ్డం ఉండకూడదు. మీ చెల్లెలిగారిని ఆటోలో రమ్మనండి" అన్నాడు.

"ఎదురింటి నుంచి ఆటోలోనా? ఆటో తిరగాలంటే ఆ చివరి దాకా పోవాలి. మా చెల్లెలు అక్కడ ఎక్కితే, నా గుమ్మంలో దిగేసరికి మనవళ్ళకి పెళ్ళిళ్ళవుతాయి."

"ఊరు పెరగాలి కదమ్మా."

"పెరగనివ్వండి బాబూ. మమ్మల్ని తొక్కి పెరగమని ఎవరన్నారు?" అని లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మీ కుర్చీలో స్ప్రింగు విరిగింది. అందుకే ఒక పక్కకి ఒరిగి మాట్లాడుతున్నారు" అనేసి వచ్చింది.

నడి రోడ్డులో చెల్లెలు ఆగడానికో చోటు చేయడం ఒక్కదానివల్ల కాదని ఆమెకి తెలుసు. కావలసిన మనుషులు ముగ్గురు. నర్సమ్మ ముందే సరేనంది. "నేను బీపీకి మందిచ్చి పంపుతాను. వాళ్ళు రోడ్డు దాటి ఇంటికి చేరేసరికి బీపీ మళ్ళీ మొదటికొస్తోంది. మందు రోగికివ్వాలా, రోడ్డుకివ్వాలా?" అని ఆవిడ కోపం.

చిక్కంతా క్షవరం షాపాయనతోనూ, బస్సు డ్రైవరుతోనూ వచ్చింది. వాళ్ళిద్దరికీ పడదు. డ్రైవరు ఒకసారి షాపు ముందు కొట్టిన హారనుకి షాపాయన చెయ్యి జారి, పెళ్ళిచూపులకి వెళ్ళాల్సిన కుర్రాడి మీసం సగం ఎగిరిపోయింది. ఆ సగం మీసాన్ని షాపాయన అద్దానికి అంటించి, బస్సు వెళ్ళినప్పుడల్లా దానికేసి చూసి పళ్ళు కొరికేవాడు.

పరుపులక్క దగ్గర ఒక పాత సోఫా ఉంది. దాని నడుము వాలిపోయింది. ఎవరు ఏ మూలన కూర్చున్నా ఇద్దరూ దొర్లుకుంటూ మధ్యకి వచ్చేస్తారు. మొగుడూ పెళ్ళాల గొడవలకి పనికొస్తుందని ఆమె దాన్ని బాగుచేయకుండా ఉంచింది. ఆ రోజు షాపాయన్ని ఒక మూల, డ్రైవర్ని ఇంకో మూల కూర్చోబెట్టింది. చూస్తుండగానే ఇద్దరూ భుజాలు రాసుకున్నారు.

"జరగవయ్యా!" అన్నాడు షాపాయన.

"నేనెక్కడ జరిగాను? నువ్వే వచ్చి మీద పడ్డావు" అన్నాడు డ్రైవరు.

"మీ కాపరం తర్వాత చూద్దాంలే," అంది పరుపులక్క. "ఏం బాబూ, ఆ హారను ఎందుకు కొడతావు?"

డ్రైవరు గొంతు తగ్గించాడు. "కొట్టక ఏం చేయనక్కా? ఎవరు ఎక్కడినుంచి దూకుతారో తెలీదు. ఇక్కడే దాటుతారని ఒక్క చోటు ఉంటే, బస్సు అక్కడ ఆపుతాను, హారను ముట్టుకోను. నాకేమన్నా సరదానా?"

షాపాయన మెడ తిప్పి చూశాడు. తిప్పడానికి అంతకన్నా చోటు లేదు. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా? ఒక మీసం మిగిలేది."

అక్కడితో కావలసిన ముగ్గురూ కుదిరారు, పరుపులక్కతో కలిపి నలుగురు. మర్నాడు పొద్దున డ్రైవరు బస్సుని తెల్ల చారలు ఉండిన చోటికి కాస్త ముందే అడ్డంగా ఆపాడు. షాపాయన, పరుపులక్క ఆ వాలిన సోఫాని మోసుకెళ్ళి నడి రోడ్డు మీద దించారు. నర్సమ్మ చుట్టూ పూలకుండీలు పెట్టించింది. బస్సు కదిలాక కార్లు వచ్చి, సోఫాని చూసి, తమ జన్మలో మొదటిసారి నెమ్మదించాయి. ఆగడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు, అందుకే చెల్లెలు ఇంకా కిటికీ వదల్లేదు.

ఆ మధ్యాహ్నం ఎండ ఎలాంటి ఎండనుకున్నారు? పిట్టలు కాళ్ళకి చెప్పులడిగాయి. హడావుడిగా పోసిన తారు కదా, ఉడికి మెత్తబడింది. సోఫా కాళ్ళు మెల్లగా అందులోకి దిగాయి. సాయంత్రం చల్లబడి బిగుసుకుంది. సోఫా రోడ్డుకి మొలిచినట్టయింది.

మర్నాడు ఆఫీసరు క్రేన్ వేసుకుని దిగాడు. పరుపులక్క వెళ్ళి సోఫాలో కూర్చుంది.

"లేవండమ్మా."

"లేవను."

"తీసేయాల్సొస్తుంది."

"తీయండి. నాతో పాటే తీయండి."

ఆఫీసరుకి పట్టుదల వచ్చింది. తాళ్ళు కట్టించి, మెల్లగా ఎత్తమని చెయ్యి ఊపాడు. క్రేన్ మూలిగింది. సోఫా కదల్లేదు. ఇంకా మూలిగింది. ఒక్కసారిగా చర్రుమని శబ్దం. సోఫా లేచింది. దానితో పాటు కాళ్ళకి అతుక్కుని రోడ్డు కూడా లేచింది! మంచం మీద దుప్పటి లాగినట్టు తారు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఊడి, పరుపులక్క కాళ్ళ కింద గాలిలో వేలాడింది. పైనుంచి ఆమెకి నాలుగూళ్ళ అవతల బట్టలారేసుకునే ఆవిడ కూడా కనిపించిందట.

"అక్కా! కిందికి చూడు!" అని అరిచాడు షాపాయన.

తారు ఊడిన చోట పాత తెల్ల చారలు. ఒక్క గీతైనా చెదరలేదు.

వీధి అంతా గుమిగూడింది. ఎవరూ చెప్పకుండానే డ్రైవరు బస్సు తెచ్చి అడ్డంగా పెట్టాడు. హారను కొట్టలేదు. అవతల ఇంటి తలుపు తెరుచుకుంది. చెల్లెలు గుమ్మం దిగి, చారల మీద అడుగు పెట్టింది. నర్సమ్మ చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. ఒక్కో చార మీదా ఆగుతూ, మోకాలిని తిడుతూ, నడి రోడ్డు దాకా వచ్చి తలెత్తింది.

"ఏమే అక్కా, నన్ను రమ్మని నువ్వు పైకెళ్ళి కూర్చున్నావా? నేనెక్కడ కూర్చోను?"

"దించు బాబూ! మా చెల్లెలు వచ్చింది," అని కేక వేసింది పరుపులక్క.

క్రేనాయన ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు అడ్డంగా తలూపాడు. క్రేనాయన చెల్లెలి మోకాలి వైపు చూశాడు. సోఫా చారల పక్కన దిగింది.

చెల్లెలు కూర్చుంది. ఇద్దరూ దొర్లుకుంటూ మధ్యకి వచ్చి ఒకరికొకరు ఆనుకున్నారు. ఆగిన కార్లు ఆగినట్టే ఉన్నాయి. ఒక్కటీ కిక్కురుమనలేదు.

"రేపు మళ్ళీ తారు పోయిస్తాను," అన్నాడు ఆఫీసరు.

"పోయించండి," అంది పరుపులక్క. "ఎండాకాలం ఇంకా చాలా ఉంది. మా దగ్గర సోఫాలూ ఉన్నాయి."

"నా కుర్చీలు కూడా పట్టుకొస్తా. తిరిగేవి," అన్నాడు షాపాయన.

"బస్సు ఎలాగూ ఇక్కడే ఆగుతుంది," అన్నాడు డ్రైవరు.

ఊపిరి సర్దుకున్నాక చెల్లెలు లేచింది. మిగతా సగం కూడా తనే దాటింది. దుకాణంలోకి వచ్చి, తన పాత పీట మీద కూర్చుని, చెయ్యి చాచింది.

"ఏదీ సూది?"

పరుపులక్క కొంగులోంచి దబ్బనం తీసి ఇచ్చింది. "దారం లావుది ఎక్కించవే. రేపటికి ఇంకో సోఫా కావాలి. ఈసారి కాళ్ళు పొడుగ్గా పెడదాం."