కర్ర మీద నాలుగో గీత

పది గంటలకు కరెంటు పోయింది. తుపాను గాలికి తిరుత్తణి దారిలో స్తంభాలు పడ్డాయట, సాయంత్రం దాకా రాదట. పళ్ళిపట్టు పక్క ఊళ్ళోని ఆ ఇంట్లో జనరేటరు డబడబలాడుతుంటే వనజాక్షి గుడ్లు పొదిగే మిషను పక్కనుంచి కదలడం లేదు. అందులో ఆరువందల నాటుకోడి గుడ్లున్నాయి, ఈ రోజుకు ఇరవై ఒక్క రోజులు, పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చే రోజు. అన్నీ ఊరి ఆడవాళ్ళు పొదిగించి ఇమ్మని తెచ్చినవి. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే అయినా రాయడం వచ్చింది అరవమే కాబట్టి, ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో అరవంలో ఒక పేరు. వేడి తగ్గితే పిల్లలు పెంకులోనే చస్తాయి.

భర్త శేషాద్రి ట్యాంకులో కర్ర ముంచి చూశాడు. "సగం ఉండాది. నాలుగు గంటలు ఆడతాది," అని క్యాను పట్టుకుని డీజిలు కోసం తిరుత్తణి పోయాడు.

ట్యాంకు చేసిచ్చింది వెల్డరు మునెయ్య. నిండా పోస్తే ఎనిమిది గంటలు వస్తుందని, కర్రను ఎనిమిది సమభాగాలు చేసి గీతలు గీసి, పక్కన గంటల అంకెలు వేసి, మహా పని చేసినట్టు మీసం దువ్వుకున్నాడు. ఇన్నాళ్ళూ పది నిమిషాలకు మించి అవసరం పడలేదు గనుక ఆ గీతల్ని ఎవరూ సరిచూడలేదు.

ముప్పావు గంటకు శేషాద్రి ఫోను చేశాడు. "ఈడ ఏ బంకులోనూ కరెంటు లేదు వనజా. తిరువళ్ళూరు పోతా. రెండు లోపల వచ్చేస్తాలే, నాలుగు గంటలకుండాది కదా."

ఫోను పెట్టేసి వనజాక్షి ట్యాంకు వైపు చూసింది. చివరి చుక్క కూడా గొట్టంలోకి జారాలని మునెయ్య దాన్ని పైన మూరెడు వెడల్పుతో, కిందికి పోనుపోను సన్నబడేట్టు చేశాడు, పొడవు మాత్రం పైనా కిందా ఒకటే. అచ్చం ఆమె పావడాలకు కత్తిరించే ముక్కోణపు గుడ్డలా, కొన కిందికి. అయితే కర్ర మీద సగమంటే డీజిలూ సగమేనా?

ఒక ముక్కోణపు గుడ్డ తీసుకుని సరిగ్గా సగం ఎత్తులో కత్తిరించింది. కొన ఉన్న చిన్న ముక్కను పెద్ద ముక్క మీద పెట్టి చూసింది. వెడల్పూ సగమే. ఒకసారి, తిప్పి ఒకసారి, మళ్ళీ ఒకసారి, మూడుసార్లు పట్టింది, కొనతో కలిపితే నాలుగు. అంటే కింది సగంలో ఉన్నది నాలుగో వంతే. ఎనిమిదిలో నాలుగో వంతు రెండు. పన్నెండుకు జనరేటరు ఆగిపోతుంది.

"మామా, రెండు గంటలే వస్తాది," అంది శేషాద్రికి ఫోను చేసి, వణుకుతున్న గొంతుతో. "పన్నెండుకు నిలిచిపోతాది. వెనక్కి రా."

"మునెయ్యన్న గీతలు తప్పంటావా?"

"ట్యాంకు కింద సన్నం కదా. గుడ్డ కత్తిరించి చూసినా మామా..."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. అతను తిరిగాడో, తిరువళ్ళూరు దారి పట్టాడో తెలియదు.

ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి మిషను పక్కన పెట్టుకుని గడియారం ముందు కూర్చుంది. తన లెక్క తప్పయితే బాగుండునని దేవుణ్ణి వేడుకుంది. పన్నెండుకు రెండు నిమిషాలుండగా జనరేటరు దగ్గి, ఆగింది. దుప్పట్లు కప్పి మిషనుకు చెవి ఆనించింది. లోపల సన్నగా కీచుమంటున్నాయి. ఆ చప్పుడు ఆగకూడదని ఏడుస్తూ కూర్చుంది.

పన్నెండుంబావుకు బండి చప్పుడు. శేషాద్రి తడిసి ముద్దయి వచ్చాడు. దారిలో ట్రాక్టరు నటరాజన్‌ను బతిమాలి తెచ్చిన అయిదు లీటర్లు పోశాడు. జనరేటరు అందుకుంది. ఇద్దరూ చెవులు ఆనించారు. కీచుమంటూనే ఉన్నాయి.

"నువ్వు చెప్పిన గుడ్డ లెక్క నాకు అర్థం కాలా," అన్నాడతను. "నీ గొంతు విని తిరిగొచ్చినా."

కర్రనూ పెన్సిలునూ ఆమె చేతికిచ్చాడు. వనజాక్షి కర్ర మీద నాలుగో గీత వెతికింది. మునెయ్య వేసిన నాలుగును కొట్టేసి, పక్కన రెండు వేసింది.