ఊడిరాని బిరడా

పల్చటి టేపు కావాలన్నాడు మా తమ్ముడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

రేసు సైకిల్ హ్యాండిల్‌కి వాడు చుట్టించుకునేది ఎప్పుడూ దళసరి టేపే. మెత్తగా ఉండాలి, చెమట పీల్చాలి, చేతులు తిమ్మిరెక్కకూడదు, రంగు నలుపే అయ్యుండాలి. వాడి గొంతెమ్మ కోరికలన్నీ నాకు కంఠతా వచ్చు. రిపేరు షాపు నాది, చుట్టేదీ నేనే. అలాంటివాడు అరలన్నీ గాలించి, కాగితంలా ఉన్న ఎర్ర టేపొకటి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"రేపు రేసు పెట్టుకుని ఇదేం బుద్ధిరా? ఆ గతుకుల్లో అరచేతులు బొబ్బలెక్కిపోతాయి."

"చుట్టవే అక్కా. నీ లెక్చర్లు తర్వాత."

మాటలు పళ్ళ సందుల్లోంచి వచ్చాయి. వాడి దవడ ఇంకా పూర్తిగా తెరుచుకోదు. పోయినసారి రేసులో, చివరి మలుపులో, దున్న వాడి మొహం మీద మోచేత్తో పొడిచి ఇనప కంచె మీదికి తోశాడు. దున్న అంటే మనిషే. ఆ మెడ, ఆ భుజాలు చూసి అందరూ అలాగే పిలుస్తారు. మా వాడి దవడ రెండు ముక్కలైంది. తీగలతో కట్టారు. స్ట్రాతో తాగిందే తిండి. దున్నేమో మెడలో పతకం వేసుకుని ఫొటోలు దిగాడు. అంపైర్లని అడిగితే, రేసన్నాక తగలకుండా ఉంటుందా అన్నారు. వాళ్ళ నోట్లో మన్ను పడ!

సరే, వాడి ఖర్మ అనుకుని పాత టేపు కత్తితో చీరి ఊడదీశాను. జిగురు తుడిచాను. కొత్తది కింద చివర మొదలుపెట్టి, బిగించి లాగుతూ పైకి చుట్టుకొచ్చాను. హ్యాండిల్ అంటే వంచిన బోలు గొట్టమే కదా. టేపు అంచుని ఆ గొట్టం మూతిలోకి మడిచి, పైన ప్లాస్టిక్ బిరడా పెట్టి కొట్టాలి. మా ఇంట్లో ఒక అలవాటుంది. చుట్టేవాళ్ళు చుట్టాక, బిరడా మాత్రం తొక్కేవాడే తన అరచేత్తో కొట్టుకోవాలి. నాన్న పోయాక అమ్మ పెట్టిన షరతు అది.

"రా, కొట్టు," అన్నాను.

వాడు గోడకి ఆనుకునే ఉన్నాడు. "ఊరికే పెట్టు చాలు. కొట్టక్కర్లేదు."

అప్పుడు వెలిగింది నాకు. టేపు పల్చగా ఉంటే బిరడా వదులుగా కూర్చుంటుంది. రేసు మొదలయ్యే ముందు అంపైర్లు బిరడాలు ఉన్నాయో లేదో చూస్తారు. మొదలయ్యాక ఎవడు చూస్తాడు? రెండు వేళ్ళతో పీకి పారేస్తే, మిగిలేది పదునైన గొట్టం మూతి. దున్న పక్కన చేరి ఒక్కసారి ఒరిగితే చాలు.

"ఒరేయ్, వాడి తొడలో దింపుదామనా?"

"ఒక్క పోటు. జన్మలో మళ్ళీ సైకిలెక్కడు."

"నాన్న ఎలా పోయాడో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు. వెయ్యిసార్లు చెప్పావు. బిరడా ఊడిపోయినా ఏమవుతుందిలే అని వెళ్ళాడు, పడ్డాడు, గొట్టం కడుపులో దిగింది. నాన్న పడ్డాడే. నేను పడను."

ఎంత తేలిగ్గా అన్నాడో! వాడు అప్పటికి అమ్మ కడుపులో ఉన్నాడు. రోడ్డు పక్కన నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను. పొట్ట మీద గుండ్రంగా, గొట్టం మూతంత చిల్లు. నా గౌను గుడ్డ కుక్కినా రక్తం ఆగలేదు.

సుత్తి అందుకుని, బిరడా నేనే కొట్టబోయాను. వాడు నా మణికట్టు పట్టి మెలిపెట్టాడు. సుత్తి నా పాదం మీదే పడింది. ప్రాణం జివ్వుమంది. మోకాలితో వాడి డొక్కలో ఒక్కటి ఇచ్చాను. వాడు నా జుట్టు పట్టి బల్లకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఎత్తుకుని పెంచిన చేతులు కదా, వాటికీ కోపం వచ్చింది. మేకుకి వేలాడుతున్న పాత చైను లాగి వీపు మీద చెళ్ళున అంటించాను. ఆ ఊపుకి వాడు వెనక్కి పడితే అద్దాల అలమర భళ్ళున పగిలింది. గాజుపెంకుల మధ్య కూర్చుని, ముంజేతి నుంచి రక్తం కారుతుంటే, వాడు ఏడ్చాడు.

"నువ్వు కూడా వాడి పక్కేనా అక్కా? రోజూ అద్దంలో ఈ వంకర మొహం చూసుకునేది నేను. నవ్వితే నాకే అసహ్యమేస్తోంది."

నా గుండె తరుక్కుపోయింది. కానీ నేను కాదంటే ఇంకో షాపులో చుట్టించుకుంటాడు. మొండి వెధవ. నా తమ్ముడే కదా మరి!

"సరే, నీ ఇష్టం. పో, చెయ్యి కడుక్కురా," అన్నాను.

వాడు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళగానే సొరుగు లాగాను. ఇంకో రకం బిరడాలుంటాయి, నడిమధ్య స్క్రూలాంటి మరతో. ఆ మర బిగించేకొద్దీ లోపల రబ్బరు ఉబ్బి గొట్టాన్ని కరుచుకుంటుంది. మళ్ళీ మర వదులు చేస్తే తప్ప ఏనుగుని కట్టి లాగినా రాదు. రెండు వైపులా అవి పెట్టి, పళ్ళు బిగబట్టి తిప్పాను. మర తల కనపడకుండా పైన ఎర్ర టేపు ముక్క గుండ్రంగా కత్తిరించి అతికించాను.

"వదులుగానే పెట్టావా?" అన్నాడు వచ్చి.

"పెట్టాన్లే, ఏడవకు."

వాడు నా మొహంలోకి చూడలేదు. చూస్తే దొరికిపోయేదాన్ని.

మర్నాడు చివరి మలుపు దగ్గర, కంచె పట్టుకుని నిలబడ్డాను. ఆఖరి చుట్టు. గుంపంతా ఒకర్నొకరు రాసుకుంటూ దూసుకొచ్చింది. ముందు నుంచి రెండో వరసలో దున్న, వాడి తుంటి పక్కనే మా వాడు. నేను చూస్తుండగానే మా వాడి కుడిచెయ్యి హ్యాండిల్ చివరికి జారింది. లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. తల వంచి కిందికి చూశాడు.

"ముందుకు చూడరా!" అని గొంతు చించుకుని అరిచాను.

మా వాడి ముందు తొక్కుతున్న ఇంకెవడో బ్రేకేశాడు. మా వాడి చక్రం వెళ్ళి వాడి వెనక చక్రాన్ని తాకింది. హ్యాండిల్ గిర్రున తిరిగి, గొట్టం చివర మా వాడివైపే చూసింది. దాని మీద బోర్లా పడ్డాడు. వాడి మీద ఇంకొకడు, ఆ పైన ఇంకో ఇద్దరు. ఎముకలు విరిగిన చప్పుడు, ఇనుము రోడ్డుకి గీసుకున్న చప్పుడు, ఎవడిదో కేక. దున్న వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. వాడికి మా వాడెవడో గుర్తుందో లేదో కూడా నాకనుమానమే.

కంచె ఎలా దాటానో తెలీదు. మీదున్నవాళ్ళని జబ్బ పట్టి ఈడ్చేశాను. ఒకడి కాలు విరిగి ఎముక బయటికొచ్చింది, వాణ్ణీ ఈడ్చాను. దేవుడా క్షమించు, నాకు ఆ క్షణం నా తమ్ముడు తప్ప ఎవరూ మనుషుల్లా కనపడలేదు. వాడు రెండు చేతులతో పొట్ట పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. ఆ చేతులు పీకి పారేసి, చొక్కా చింపి, వేళ్ళతో తడిమాను. చిల్లు కోసం వెతికాను.

లేదు. చిల్లు లేదు. గుండ్రంగా, గొట్టం మూతంత, నల్లగా కమిలిన మచ్చ. మధ్యలో మర తల అచ్చు కూడా పడింది.

"రాలేదే అక్కా," అన్నాడు ఊపిరి అందక. "ఎంత లాగినా రాలేదే."

చెంప మీద లాగి ఒక్కటిచ్చాను, కట్టిన దవడ వైపే. తర్వాత వాణ్ణి వాటేసుకుని రోడ్డు మీదే బావురుమన్నాను.

అంబులెన్సులో డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపల ఏమైందో స్కాను తీస్తే కానీ తెలీదు, మెత్తగా ఉంది కాబట్టి భయం లేకపోవచ్చు అన్నాడు. మా వాడు తల కొంచెం ఎత్తి ఆ మచ్చని చూసుకున్నాడు. దాని అంచు చుట్టూ వేలు పెట్టి తిప్పాడు.

"నాన్నకి ఇక్కడేనా?"

"అక్కడే."

"నొప్పి తెలిసుండదు కదే? వెంటనే పోయాడుగా?"

అమ్మ వాడికి అలాగే చెప్పి పెంచింది. ఇన్నేళ్ళూ నేనూ ఆ మాటే చెప్పాను. వాడి చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"తెలిసిందిరా," అన్నాను. "చాలాసేపు అరిచాడు."